అసలు ముచ్చట చాయ్ దగ్గర ఉంటది, మనం అప్పటికే బస్సెక్కుతం

పోస్టు పొడుగుంది, తిన్నాక తీరిగ్గా చదవండి.

పోయిన వారం ఇదే గ్రూపులో ఒక సీనియర్ అన్న పెట్టిన మాట మీద మా రూంల రెండు రాత్రులు పంచాయితీ నడిచింది. "నెలనెలా ఆ సాఫ్ట్‌వేర్ మీటింగులకు పోయి మీరు సాధించేదేంది? పిజ్జా తిని వచ్చుడే గదా. ఆ టైంల గ్రూప్స్‌కు చదువుకోండ్రి" అని అన్న రాసిండు. అన్న మీద మాకు కోపం లేదు. మా ఊళ్లల్లో నౌకరి అంటే ఆశ్రమ పాఠశాల సారు, ఫారెస్టు బీటు ఆఫీసరు, అంతకంటే మేం చూసింది లేదు. చూసిన దారిలోనే పొమ్మని చెప్పిండు. కానీ పిజ్జా మాట దగ్గర మాత్రం మేం ఒప్పుకోం. ఎందుకో చెప్తం.

తెలియని తమ్ముళ్ల కోసం ముందు విషయం. హైదరాబాద్‌లో పైథాన్ నేర్చినోళ్లకు ఒకటి, జావా వాళ్లకు ఒకటి, క్లౌడ్ వాళ్లకు ఒకటి, ఇట్ల రకరకాల బృందాలున్నయి. నెలకోసారి, ఎక్కువగా శనివారం, ఏదో ఒక కంపెనీ తన ఆఫీసుల హాలు ఇస్తది. ఇద్దరు ముగ్గురు నిలబడి తాము చేసిన పని గురించి అరగంటో, నలభై నిమిషాలో చెప్తరు. మేం పోయినవి అన్నీ ఫ్రీ. ముందు ఫారం నింపాలె, అంతే. చెప్పేటోళ్లు ప్రొఫెసర్లు కాదు, పొద్దున ఆ పని చేసి సాయంత్రం దాని గురించి చెప్పేటోళ్లు. మా కాలేజీల సిలబస్‌లో లేనిది అక్కడ వినపడ్డది.

మేం అయిదుగురం. ఇద్దరిది ఉట్నూరు దిక్కు, ఒకరిది ఆసిఫాబాద్, ఇద్దరిది భద్రాచలం ఏజెన్సీ. ఇండ్లల్ల కాలేజీ మెట్టెక్కింది మేమే మొదలు. ఈ ఏడాదిలో నాలుగుసార్లు పోయినం.

మొదటిసారి గేటు దగ్గరే చెమటలు పట్టినయి. అద్దాల బిల్డింగు, సెక్యూరిటీ అన్న రిజిస్టర్ పెట్టుకొని కూసున్నడు. పేరు, కంపెనీ, లాప్‌టాప్ నంబరు రాయమన్నడు. కంపెనీ లేదు, లాప్‌టాప్ లేదు. రెండు గడులు ఖాళీ. "లాప్‌టాప్ లేకుండ దేనికొచ్చిన్రు బాబూ?" అని అడిగిండు. ఆయన ఎగతాళి చెయ్యలే, నిజంగనే అడిగిండు. "వినడానికి" అన్నం. లోపలికి పంపిండు. ఆ రోజు డాకర్ అనే దాని మీద చెప్పిన్రు. నిజం చెప్తున్నం, పావు వంతు కూడా సమజ్ కాలే. స్టిక్కర్లు ఇచ్చిన్రు. అందరూ లాప్‌టాప్‌ల మీద అంటించుకున్నరు, మేం హాస్టల్‌కు వచ్చి మా రేకు పెట్టెల మీద అంటించినం. ఇప్పటికీ ఉన్నయి.

మూడోసారి జరిగిందే మేం చెప్పాలనుకున్నది. ఆ రోజు ఒకాయన భారతీయ భాషల అక్షరాలను కంప్యూటర్ ఎట్ల చూస్తదో చెప్పిండు. "క్ష" మనకు ఒక్క అక్షరం. పైథాన్‌ను అడిగితే మూడు అంటది: క, కింద పొల్లు, ష. "తెలుగు" అన్న పదాన్ని తిరగేస్తే గుణింతం అంతా ఆగం, ముందట ఒక కొమ్ము అనాథ లెక్క ఒక్కతే నిలబడ్డది. హాలంతా నవ్విన్రు, మేం కూడా. ఎందుకంటే మొదటిసారి స్లైడు చూడకుండనే అర్థమైంది. గుణింతం దిద్దినోడు ఎవడైనా ఆ టాక్ అర్థం చేసుకుంటడు, దానికి ఇంగ్లీష్ మీడియం అక్కర్లే.

అప్పుడు మాలో ఒకడు చెయ్యి లేపిండు. వాడు క్లాసులో కూడా చెయ్యి లేపడు. తెలుగులోనే అడిగిండు: "సార్, గోండి లిపి కంప్యూటర్ల ఉందా?" ఆయన ఒక్క నిమిషం ఆగి, తెల్వదు, చూద్దాం అని అందరి ముందే వెతికిండు. ఉంది. ఒకటి కాదు, రెండు. మధ్యప్రదేశ్‌కు చెందిన మున్షీ మంగళ్ సింగ్ మసారాం 1918లో తయారుచేసిన మసారాం గోండి లిపి 2017లో యూనికోడ్‌లోకి వచ్చింది. మన ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి, గుంజాల గోండి, 2018లో వచ్చింది. ఆ రాతప్రతుల మీద పనిచేసిన వాళ్లలో జయధీర్ తిరుమలరావు సారు ఒకరు. తెరమీద గుంజాల అన్న పేరు చూసి మావాడు లేచి "మా మేనమామ ఊరు దాని పక్కనే" అన్నడు. అరవై మంది వెనక్కి తిరిగి చూసిన్రు. అంతమంది మన ఊరి పేరు విని తిరిగి చూసుడు మాకు అదే మొదలు.

ఇంకో మాట కూడా ఆయన చెప్పిండు. యూటీఎఫ్-8 పద్ధతిల దాచినప్పుడు తెలుగు అక్షరానికి 3 బైట్లు పడితే, ఈ గోండి అక్షరానికి 4 బైట్లు. వెనక వచ్చింది గనక దూరపు నంబర్లు దొరికినయి. లైనుల లేటుగ నిలబడితే ఏమైతదో మనకు తెలుసు గదా అని మావాడు మెల్లగ అన్నడు. మా ఫోన్లల్ల చూసుకుంటే అన్నీ డబ్బాలే కనపడ్డయి. నోటో అనే ఫాంటు వేసుకోవాలె, అది ఫ్రీగనే దొరుకుతది.

టాక్ ఆరున్నరకు అయిపోయింది. ఒక పెద్దమనిషి మా దిక్కే వచ్చి, తాను ఫాంట్ల పని చేస్తానని, గోండి వచ్చినోళ్లు చూసి తప్పులు చెప్తే బాగుంటదని, చాయ్ తాగుకుంట మాట్లాడుదాం అన్నడు. మా హాస్టల్ గేటు ఎనిమిదికి మూస్తరు. హైటెక్ సిటీ నుంచి మెట్రోల అమీర్‌పేట, అక్కడ దిగి బస్సు, శనివారం ట్రాఫిక్. ఆరున్నరకు బయలుదేరితేనే అందుతం. "వచ్చే నెల కలుస్తం సార్" అని ఉరికినం. హడావిడిల నంబరు తీసుకోలే. వచ్చే నెల ఆయన రాలే. ఆ తర్వాత కూడా కనపడలే.

తప్పు ఎవరిది? మా వార్డెన్ సారును అడిగితే "మీకేమన్న అయితే మీ అమ్మానాయనలకు జవాబు చెప్పేది నేను" అంటడు. అది అబద్ధం కాదు. నిర్వాహకులు జీతం లేకుండ, సెలవు రోజు పోగొట్టుకొని నడుపుతున్నరు. వాళ్లు మనల్ని రావద్దనలే. అయినా ఆ హాలుకు, మనకు మధ్యల ఒక గేటు ఉంది.

చాయ్ గురించి ఇంత గొడవ ఎందుకంటే ఒక పాత సంగతి చెప్పాలె. ఇట్లాంటి కూటాలలో బాగా పేరున్నది హోంబ్రూ కంప్యూటర్ క్లబ్. 1975 మార్చి 5న కాలిఫోర్నియాలో మెన్లో పార్క్ అనే ఊర్ల, గోర్డన్ ఫ్రెంచ్ అనే ఆయన కారు షెడ్డుల మొదలైంది. ఆపిల్ కంపెనీ పెట్టిన ముగ్గురిలో ఒకరైన స్టీవ్ వోజ్నియాక్ ఆ మొదటి మీటింగుకే పోయిండు. తను మస్తు సిగ్గరినని, మీటింగుల నోరు తెరిచేటోణ్ణి కాదని ఆయనే చెప్పుకున్నడు. తన ఆపిల్-1 డిజైన్ కాగితాలు అక్కడ ఉత్తగనే పంచిండు. ఆ క్లబ్‌ను నడిపిన లీ ఫెల్సెన్‌స్టైన్ మీటింగును రెండు భాగాలు చేసిండు. ముందు ఎవరికి ఏం కావాలో, ఎవరికి ఏం వచ్చో లేచి చెప్పాలె. దానికి మ్యాపింగ్ అని పేరు. తర్వాత ఎవరికి ఎవరితో పని ఉంటే వాళ్ల దగ్గరికి పోయి మాట్లాడుకోవాలె. అది రాండమ్ యాక్సెస్. అంటే మనం చాయ్ టైం అనేదాన్ని వాళ్లు మీటింగు లోపలనే పెట్టుకున్నరు. మాసొంటి నోరు లేనోళ్లకు పని దొరికేది అక్కడనే.

అందుకే నిర్వాహకులకు మేం అడిగేది చిన్నదే. చాయ్ చివర్ల కాకుండ మధ్యల పెట్టండి. మొదటి టాక్ కాంగనే ఇరవై నిమిషాలు చాలు.

ఇది రాసి చదివి వినిపిస్తే గర్ల్స్ హాస్టల్‌లో ఉండే మా చెల్లె ఫోన్లనే నవ్వింది. "మీకు చాయ్ పోతుంది, మాకు టాకే పోతుంది" అన్నది. వాళ్ల గేటు ఆరింటికే. నాలుగుసార్లు పోయినం, నాలుగుసార్లు ఆమె పేరు ఫారంల నింపినం, ఒక్కసారి కూడా రాలేకపోయింది. మాకు ఆ సంగతి అప్పటిదాకా తట్టనే లేదు, సిగ్గు అనిపించింది. పొద్దున పదింటికి పెడితే ఇద్దరి గేట్లకూ ఇబ్బంది లేదు. ఈ సంగతి నిర్వాహకులకు మెయిల్ రాసినం. పొద్దున హాలు దొరుకుతదో లేదో అడిగి చెప్తమన్నరు. ఇంకా జవాబు రాలే.

భాష సంగతి. చెప్పేటోళ్లలో సగం మంది తెలుగోళ్లే. చాయ్ దగ్గర, ఉన్న కాసేపట్ల, తెలుగులోనే మాట్లాడిన్రు. మైకు పట్టంగనే ఇంగ్లీష్. హాలుల బయటి రాష్ట్రాల వాళ్లు ఉంటరు, అది మాకు తెలుసు, మొత్తం తెలుగు చెయ్యమని అనం. ప్రశ్న తెలుగులో అడగొచ్చు అని మొదట్లనే ఒక్క మాట చెప్తే చాలు. ఆ రోజు మావాడు అడిగినట్టు ఇంకో పదిమంది అడుగుతరు. ఫారంల కంపెనీ, హోదా, లింక్డ్‌ఇన్ తప్పక నింపాలె అని పెట్టకుంటే ఇంకా మంచిది. మేం హోదా దగ్గర "విద్యార్థి" అని రాసి, నింపినందుకు ఏమన్న అంటరేమో అని రెండు రోజులు భయపడ్డం.

మన తప్పులు కూడా ఉన్నయి. హాలుల చివరి వరుసలో అయిదుగురం ఒక్క దగ్గరే గుంపుగ కూసుంటం. పక్కోడు పలకరిస్తే ఫోను చూసుకుంటం. 2023లో పైకాన్ ఇండియా అనే పెద్ద సదస్సు కూకట్‌పల్లి జేఎన్టీయూలోనే జరిగింది, డబ్బులు లేనోళ్లు సాయానికి అర్జీ పెట్టుకునే పద్ధతి కూడా అట్లాంటి సదస్సులల్ల ఉంటది. అప్పుడు మేం ఇంటర్. మనలో ఒక్కరికీ తెలియదు. తెలిసిన సీనియర్ ఉంటే గ్రూపుల ఒక్క లైను పెట్టకపోయెనా అని ఇప్పుడనిపిస్తది.

ఆ మధ్య నుంచి మేమే హాస్టల్ల మొదలుపెట్టినం. నెల చివరి శనివారం, రాత్రి అన్నం తిన్నాక, రీడింగ్ రూంల. మాలో ఒకడు దీన్ని ఒప్పుకోలే. "మళ్లీ మనకు మనమే వేరు కూసునుడా? ఆ హాలుకే పోవాలె" అన్నడు. వాని మాటలో నిజం ఉంది. మేమనేది, అక్కడికి పోవుడు మానొద్దు, కానీ నోరు తిరిగేది ఇక్కడ. మొదటిది మంచిగ జరిగింది. స్కాలర్‌షిప్ సైటు ఆఖరి రోజు ఎందుకు తెరుచుకోదో బీఎస్సీ తమ్ముడు చెప్పిండు: రేషన్ దుకాణంల ఒక్కటే కాంటా, బయట మూడొందల మంది, సంచులు పట్టుకొని తోసుకుంటున్నరు, సర్వర్ అంటే ఆ కాంటా. ఇంకో కాంటా పెడితే ఏమైతది, టోకెన్లు ఇస్తే ఏమైతది అని మెస్సుల పనిచేసే అన్న కూడా నిలబడి అడిగిండు. రెండోది ఫెయిల్. ఒకడు యూట్యూబ్ల చూసింది గంటసేపు అప్పజెప్పిండు, సగం మంది బల్లల మీదనే పండుకున్నరు. ఇప్పుడు నలభై నిమిషాలే, సొంతంగ చేసిందే చెప్పాలె అని నియమం పెట్టుకున్నం.

గ్రూప్స్ అన్నకు ఒక మాట. నువ్వు చెప్పినట్టు చదువుతం అన్నా, మాలో ఇద్దరు చదువుతున్నరు కూడా. కానీ ఒకటి చూడు. 2025లో కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఆది వాణి అని ఒక అనువాద యాప్ బీటా తెచ్చింది. సంతాలీ, భీలీ, ముండారీతో పాటు గోండి కూడా అందులో ఉంది. గోండి అంటే అంతటా ఒక్క తీరు కాదు. బస్తర్ల మాట్లాడేది వేరు, మా ఉట్నూరుల అవ్వ మాట్లాడేది వేరు. రేపు ఆస్పత్రిల డాక్టర్ ఫోను ముందట పెట్టి మా అవ్వతో మాట్లాడమంటే, ఆ ఫోనుకు ఆమె మాట రాకపోతే, తప్పు అవ్వది అంటరు. ఆ ఫోనుకు మాట నేర్పే పని ఎవరో ఒకరు చేస్తున్నరు. అక్కడ మన పిల్ల ఒక్కతి కూసున్నా ఆ తేడా చెప్తది. కోలామీకి, కోయకు, గోర్‌బోలీకి కూడా ఇదే కథ. ఆ ఫాంట్ల పెద్దమనిషి మా కోసం చాయ్ పట్టుకొని నిలబడ్డది దానికే. మేం బస్సు కోసం ఉరికినం.

ఈ నెల ఆఖరి శనివారం మన హాస్టల్ టాక్ చెల్లెదే. వాళ్ల గేటు దాటకుండ, వీడియో కాల్ల, ఫోన్ల గుంజాల గోండి ఎట్ల టైప్ చెయ్యాలో చూపిస్తది. రాత్రి ఎనిమిదిన్నరకు. బయటి హాస్టళ్ల వాళ్లు కామెంటుల పేరు పెడితే లింకు పంపుతం. రీడింగ్ రూం టీవీకి ఫోన్ కలపాలె. హెచ్‌డీఎంఐ వైరు ఎవరి దగ్గరన్న ఉంటే తీసుకరాండ్రి, మాది తెగింది.