కమలా ఖాన్ చూడని కరాచీ

వలస కుటుంబంలో పుట్టిన పిల్లలు పెద్దల దేశానికి వెళ్లి, అక్కడి నిజాన్ని ఎదుర్కొనే కథలు టీవీ సిరీస్‌లలో వస్తున్నాయి. 2022లో డిస్నీ విడుదల చేసిన ‘మిస్ మార్వెల్’ అలాంటిదే. అమెరికాలోని జెర్సీ సిటీలో పెరిగిన కమలా ఖాన్ నాలుగో ఎపిసోడ్‌లో అమ్మమ్మను చూడటానికి కరాచీ వెళ్తుంది. ఆ ఎపిసోడ్ చివర్లో 1947 నాటి రైల్వే స్టేషన్‌లో తేలుతుంది. కరాచీ వెళ్లే చివరి రైలు, తోసుకుంటున్న జనం, గుంపులో తప్పిపోయిన పసిపిల్ల. ఆ పిల్లే కమల అమ్మమ్మ.

దేశ విభజన గాయాన్ని ఈ తరం పిల్లలకు చెప్పడం మంచి పనే. కాదనం. కానీ ఇది రైలు ఎక్కగలిగినవాళ్ల కథ. మరి ఎక్కనివ్వనివాళ్ల సంగతి?

కరాచీ వీధులు ఊడ్చింది, మరుగుదొడ్లు శుభ్రం చేసింది దళితులు. విభజన తర్వాత వాళ్లూ భారత్ రావాలనుకున్నారు. అత్యవసర సేవల పేరుతో పాకిస్తాన్ ప్రభుత్వం వాళ్లను కదలనివ్వలేదు. 1947 డిసెంబరులో అంబేడ్కర్ దీనిపై నెహ్రూకు లేఖ రాశారు. భారత హైకమిషనర్ శ్రీప్రకాశ ఈ విషయం ప్రస్తావిస్తే, వీళ్లు వెళ్లిపోతే కరాచీని శుభ్రం చేసేదెవరని ప్రధాని లియాఖత్ అలీ ఖాన్ ఎదురు ప్రశ్నించారు. పాకిస్తాన్ తొలి న్యాయశాఖ మంత్రి, దళిత నాయకుడు జోగేంద్రనాథ్ మండల్ 1950లో రాజీనామా చేసి భారత్ వచ్చేశారు. సరిహద్దుకు ఇవతల మాత్రం ఏం మారింది? మలం ఎత్తే పని ఇక్కడా అవే కులాల నెత్తిన మిగిలింది.

ఈ చరిత్ర తెరమీదికి ఎందుకు రాదు? 1965 వలస చట్టం తర్వాత ఉపఖండం నుంచి అమెరికా వెళ్లినవాళ్లలో ఎక్కువమంది చదువులు, ఆస్తులు ముందే ఉన్న కులాలవాళ్లు. పిల్లలకు సొంత ఊరి జ్ఞాపకాలుగా అందుతున్నవి ప్రధానంగా వాళ్లవే. మతం చేసిన గాయానికి ఆ జ్ఞాపకాల్లో చోటుంది. కులం చేసిన గాయానికి లేదు.

ఇదంతా ఒక సిరీస్‌తో పోయే విషయం కాదు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా చట్టసభ ఆమోదించిన బిల్లును మాత్రం గవర్నర్ న్యూసమ్ వీటో చేశారు. అమెరికాలో పుట్టిన మా పిల్లలకు కులమే తెలియదన్నది అలాంటి చట్టాలను వ్యతిరేకించేవాళ్ల వాదన. తెలియకపోవడం అమాయకత్వం కాదు. చెప్పకుండా దాచినదాని ఫలితం.

మన తెలుగు కుటుంబాల సంగతీ చూద్దాం. సెలవులకు అమెరికా నుంచి వచ్చిన పిల్లలకు తాతగారి ఇల్లు చూపిస్తారు, గుడి చూపిస్తారు, పొలం చూపిస్తారు. ఆ పొలంలో నాట్లు వేసిన చేతులు ఎవరివో చెప్పేదెవరు? ఊరి చివరి వాడకు తీసుకెళ్లేదెవరు? 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో ఏం జరిగిందో ఎన్ని ఇళ్లలో పిల్లలకు తెలుసు?

అమెరికాలో దళితుల పిల్లలూ పెరుగుతున్నారు. కులం బయటపడుతుందని ఇంటిపేరు చెప్పడానికి జంకే తల్లిదండ్రులను వాళ్లు చూస్తున్నారు. పెద్దల దేశపు నిజాన్ని ఎదుర్కోవడానికి వాళ్లకు కాలప్రయాణం అక్కర్లేదు. అది వాళ్ల ఇంట్లోనే ఉంది. టీవీ కథలు రాసేవాళ్లు ఇకనైనా ఆ ఇంటి తలుపు తట్టాలి. అంతకంటే ముందు, ఆ ఇళ్లలో పెరిగిన పిల్లలే రాసే రోజు రావాలి.