కర్త లేని వాక్యాలు

జీవితమంతా వ్యాకరణం చెప్పుకొని బ్రతికినవాణ్ని. కంపెనీల లోపలి వెబ్‌సైట్లకూ, వాటి తాళపుచెవులకూ నాకూ ఏమి సంబంధమని మీరు అడగవచ్చు. సంబంధం ఉన్నది. ఒక కుర్రవాడి ఉద్యోగం పోయిన సంబంధం.

పదవీ విరమణ తరువాత కొన్నేళ్లు ఒక విద్యావ్యాపార సంస్థ కార్యాలయంలో తెలుగు ప్రశ్నపత్రాలు సరిచూసే పని చేశాను. ఆ సంస్థకు ఇంట్రానెట్ ఒకటి ఉండేది. సెలవుల జాబితా మొదలుకొని ప్రశ్నపత్రాల దాకా సమస్తమూ అందులోనే. కార్యాలయంలోని ఏ కంప్యూటరు ముందు కూర్చున్నా చాలు, పేరు అడగకుండానే తెరుచుకొనేది. "అందరూ మనవాళ్లే కదా, మనలో మనకు తాళాలెందుకు?" అనేవారు. ఆ మాట నాకూ ముచ్చటగానే తోచేది.

ఒకసారి అర్ధసంవత్సర పరీక్షకు ముందే పదవ తరగతి తెలుగు పత్రం బయటికి పొక్కింది. విచారణ మొదలైంది. ఎవరు ఏ ఫైలు తెరిచారో సర్వరు రాసుకొనే పట్టికను, అదే లాగ్‌ను, కాగితం మీద అచ్చు తీసి బల్లమీద పరిచారు. తేదీ ఉన్నది. సమయం 11 గంటల 40 నిమిషాలు. డీటీపీ గదిలోని యంత్రపు సంఖ్య ఉన్నది. తెరిచిన పత్రం పేరు ఉన్నది. వాడుకరి పేరు ఉండవలసిన గడిలో మాత్రం చిన్న అడ్డగీత.

వాక్యం కనబడితే అన్వయం చెప్పుకోవడం నాకు అలవాటు. క్రియ ఉన్నది, కర్మ ఉన్నది, కాలమూ స్థలమూ ఉన్నాయి. కర్త లేడు. తెలుగులో కర్త లోపించిన వాక్యాలకు కొదవ లేదు. వినేవాడు సందర్భాన్ని బట్టి కర్తను అధ్యాహారం చేసుకొంటాడు. ఆ బల్ల చుట్టూ కూర్చున్న పెద్దలూ అదే చేశారు. ఉదయం వేళ ఆ గదిలో పనిచేసే డీటీపీ ఆపరేటరును కర్తగా తెచ్చి నిలబెట్టారు. అతడు ఒప్పందం మీద ఉన్న కుర్రవాడు. "మాస్టారూ, నేను తెరవలేదని ఎలా చూపించాలి?" అని నన్నే అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు.

ఆ రోజు సాయంత్రం అయిదు దాటాక అదే యంత్రం మీద అదే పత్రాన్ని ఒక అచ్చుతప్పు కోసం నేను తెరిచాను. ఆ సంగతి విచారణలో చెప్పాను కూడా. "మాస్టారూ, మనం చూస్తున్నది పొద్దుటి సంగతి. అయినా మిమ్మల్నెవరు అనుమానిస్తారు?" అన్నారు. కుర్రవాణ్ని తీసివేశారు.

రెండేళ్ల తరువాత ఒక పండుగనాడు, సర్వర్లు చూసే ఉద్యోగంలో ఉన్న మా మేనల్లుడికి ఈ కథ చెప్పాను. వాడు కాసేపు ఊరుకొని, "మామయ్యా, ఐఐఎస్ సర్వరు మామూలుగా లాగ్‌లో మన గడియారం రాయదు. యూటీసీ రాస్తుంది. దానికి అయిదున్నర గంటలు కలపాలి" అన్నాడు. కలిపాను. సాయంత్రం 5 గంటల 10 నిమిషాలు! సాయంత్రం నేను తెరిచిన జాడ పట్టికలో ఎందుకు లేదని ఆనాడు ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆ వాక్యానికి కర్తను నేనే కావచ్చు. రూఢిగా చెప్పలేను, ఆ అడ్డగీత నాకూ అడ్డమే.

అప్పటినుంచి ఈ విషయాన్ని కొంత చదివి, కొంత అడిగి తెలుసుకొన్నాను. అనామక ప్రవేశమంటే తలుపు లేకపోవడం కాదట. పేరు చెప్పని ప్రతివాడికీ ఐఐఎస్ తానే ఒక పేరు తగిలిస్తుంది: ఐయూఎస్ఆర్ అనే ఖాతా. వందమంది వచ్చినా ఆ వందమందీ దాని దృష్టిలో ఒక్కరే. ఆ ఒక్క ఖాతాకు ఫైలు చదివే అనుమతి ఉంటే వందమందికీ ఉన్నట్లే. పైగా ఈ ద్వారం ఐఐఎస్‌లో మొదటినుంచీ తెరిచే ఉంటుంది. నిర్వాహకుడు పనిగట్టుకొని మూయాలి. విండోస్ ఖాతాతో మనిషిని గుర్తించే పద్ధతిని పెట్టి, దీన్ని మూయడం మరిచిపోవడమూ కద్దు. రెండూ తెరిచి ఉంటే, అనామకంగా ఫైలు అందినంతసేపు సర్వరు ఎవరినీ పేరు అడగదు. తాళం కొని గూట్లో పెట్టి, తలుపు బార్లా తీసినట్లు.

ఇక అనుమతుల మాట. పాణినీయం చదివినవారికి అధికార సూత్రం తెలుసు. ఒకచోట చెప్పిన మాట అనువృత్తిగా కింది సూత్రాలన్నిటిలోకీ ప్రవహిస్తుంది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాలి. ఫోల్డర్ల అనుమతులదీ ఇదే తీరు. పై ఫోల్డరులో "అందరూ చదవవచ్చు" అని ఇస్తే, నడుమ అనువృత్తిని తెంచకపోతే, అట్టడుగున ఉన్న ప్రశ్నపత్రం దాకా అది పారుతుంది. సెలవుల జాబితాకు ఇచ్చిన అనుమతి జీతాల పట్టికకూ చేరుతుంది.

దీనికి మందు కొత్తదేమీ కాదు. పనికి ఎంత అవసరమో అంత అధికారమే ఇవ్వాలన్న సూత్రాన్ని సాల్ట్‌జర్, ష్రోడర్ అనే ఇద్దరు 1975లోనే తమ వ్యాసంలో స్పష్టంగా రాసిపెట్టారు. అధికారాన్ని మనిషికి కాక అతని పనికి కట్టాలన్న పద్ధతిని ఫెరయోలో, కూన్ 1992లో ఒక నమూనాగా రూపుకట్టారు. బడిలో మనం చేసేది అదే కదా! పరీక్షల బాధ్యుడి బీరువా తాళంచెవి ఆ బాధ్యతతో పాటు చేతులు మారుతుంది. పాత బాధ్యుడు బదిలీ అయి వెళ్తూ జేబులో వేసుకుపోడు.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు" అన్న సామెత కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. 2013లో అమెరికా ఎన్ఎస్ఏ నుంచి రహస్యపత్రాలు తీసుకొని వెళ్లిన స్నోడెన్ కిటికీ పగలగొట్టి వచ్చినవాడు కాదు. హవాయిలో ఆ సంస్థ లోపలి షేర్‌పాయింట్‌ను చూసుకొనే నిర్వాహకుడు. అతడు చేసినది తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. ఆ తరువాత ఆ సంస్థ అధిపతి, నిర్వాహకులకు ఇద్దరు కలిసి ఉంటేనే పని జరిగే నియమం తెస్తామన్నారు. కాపలాదారుకూ కాపలా కావాలన్న మాట.

ఇంతవరకు చెప్పినది విని, "అయితే ప్రతి కదలికకూ పేరు రాసి ఉద్యోగిని వేటాడమంటారా?" అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. భోజనశాల పట్టిక ఎవరు చూశారో ఎవరికీ అక్కరలేదు. పై అధికారి మీద ఫిర్యాదు చేసేవాడి పేరు దాచడమే ధర్మం. అమెరికాలో 2002 నాటి సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టం, లెక్కల్లో అక్రమాలను ఉద్యోగులు పేరు చెప్పకుండా తెలిపే ఏర్పాటు ఉండాలని షేర్ల బజారులో నమోదైన కంపెనీలను ఆదేశించింది. అక్కడ పేరు లేకపోవడం బలహీనుడికి రక్షణ. కాని అది ఆలోచించి, ఆ ఒక్క పని కోసం కట్టిన చాటు. మరిచిపోయి తెరిచి ఉంచిన తలుపు వేరు.

నా అభిప్రాయం ఒక్కటే. పేరు అడిగే తలుపును మనం కంపెనీ ఆస్తికి కావలిగా చూస్తాము. అంతకన్నా ముందు అది చిన్న ఉద్యోగికి సాక్ష్యం. పేరు లేనిచోట అనుమానం న్యాయాన్ని చూడదు, హోదాను చూస్తుంది. నా తెల్లజుట్టు నన్ను కాపాడింది. కుర్రవాడికి అది లేదు. అందరికీ కలిపి "స్టాఫ్" అని ఒకే లాగిన్, ఒకే పాస్‌వర్డ్ ఇచ్చే కార్యాలయాలూ ఉన్నాయి. అది ఆ అడ్డగీతకే వేసిన వేషం.

సమయం సంగతి తెలిశాక ఆ సంస్థకు వివరంగా ఉత్తరం రాశాను. "మీ లేఖ పరిశీలనకు స్వీకరించబడినది" అని జవాబు వచ్చింది. అందులోనూ కర్త లేడు. కుర్రవాడి నంబరు సంపాదించి ఫోను చేసి అంతా చెప్పాను. ఇప్పుడు వేరే ఊళ్లో ఫ్లెక్సీల దుకాణంలో పనిచేస్తున్నాడు. చాలాసేపు ఏమీ అనలేదు. "పోనీలెండి మాస్టారూ. మా నాన్న పోయేలోగా తెలిసుంటే బాగుండేది" అన్నాడు.

మీలో సర్వర్లు చూసేవారు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. రేపు కార్యాలయానికి వెళ్లగానే లాగ్ తెరిచి ఆ ఒక్క గడి చూడండి. ప్రశ్నపత్రమో జీతాల పట్టికో తెరిచిన పంక్తిలో అడ్డగీత కనబడితే, దాని వెనుక ఎవరిని నిలబెడతారో ఒక్క క్షణం ఆలోచించండి.

స్వస్తి.