గడ్డ టీబీదేనా.. తేల్చుకున్నారా?

తెలుగు కామాటీల పేరు మీద వెలసిన కామాటిపుర చాళ్లలో మెడ పక్కన గడ్డ లేస్తే ముందు టీబీనే అనుమానిస్తారు. ఇరుకు గదుల బతుకులో అది సహజమే. చిక్కంతా ముక్క పరీక్ష లేకుండానే మందులు మొదలెట్టడంతోనే. అది వేగంగా ముదిరే లింఫోమా అయితే నెలలు చేజారినట్టే. హెచ్‌ఐవీ ఉన్నవారికి ఈ ముప్పు మరీ ఎక్కువ.

కీమో ఫలితాన్ని అంచనా వేసేందుకు వైద్యులు 1993 నుంచి ఐదు అంశాలు చూస్తున్నారు. అరవై దాటిన వయసు, రక్తంలో ఎల్‌డీహెచ్, జబ్బు దశ, గ్రంథుల బయట ఎన్నిచోట్లకు పాకింది, రోగి తిరగగలడా మంచాన పడ్డాడా అన్నవి. వయసును ఎవరూ ఆపలేరు. మిగతావి చాలావరకు ఆలస్యంతో పెరిగేవే.

మందు లేక కాదు. బి-కణాల రకంలో 60-80 ఏళ్ల వారికి పాత చాప్ కీమోతో రిటుక్సిమాబ్ కలిపితే జబ్బు పూర్తిగా అణగినవారు 63 నుంచి 76 శాతానికి పెరిగినట్టు 2002లో ఫ్రాన్స్ వైద్యులు తేల్చారు. దాన్నే హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2007లో తక్కువ ధరకు తెచ్చింది. టాటా ఆసుపత్రి పక్కనే పరేల్‌లో ఉంది.

అయితే రెండు డోసులకే గడ్డ కరగొచ్చు. తగ్గిపోయిందని పాలమూరు బండెక్కితే మళ్లీ మొదటికే. సాధారణంగా 21 రోజులకోసారి ఆరు డోసులు పడాలి. ఊరెళ్లక తప్పదంటే కాగితాలన్నీ పట్టుకుని హైదరాబాద్ ఎంఎన్‌జే ఆసుపత్రిలో కొనసాగించుకోవాలి.