మూడు కిలోమీటర్ల లోపు పిల్లల సంగతేమిటి?

కువైట్ రాజ్యాంగం (1962) 40వ అధికరణం ఉచిత విద్యను కువైటీల హక్కుగా చెప్పింది. మనం పరాయి దేశస్థులం. పిల్లల్ని ప్రైవేటు ఇండియన్ స్కూళ్ళలో చదివించుకుంటాం, బస్సు ఫీజూ మనమే కట్టుకుంటాం. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. నేను రాయబోయేది ఇక్కడ లేని పిల్లల గురించి.

కడప, రాజంపేట, రాయచోటి, గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇళ్ళలో పనిచేసే అక్కలు, డ్రైవర్ అన్నలు మనకు తెలియనివారు కాదు. ఖాదిం వీసా మీద కుటుంబాన్ని తెచ్చుకునే వీలు లేదు. కంపెనీ వీసా ఉన్నవాళ్ళకు కూడా ఫ్యామిలీ వీసా జీతం పరిమితిని 2024 జనవరిలో 800 దినార్లకు పెంచారు. అంత జీతం ఎంతమందికి వస్తుంది? కాబట్టి పిల్లలు అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో ఉండి పక్కూరి జిల్లా పరిషత్ హైస్కూలుకు వెళతారు. బస్సు రాకపోతే బండి మీద దింపి రావడానికి ఇంట్లో ఓపికున్న మనిషి ఉండరు.

ఈ పిల్లల కోసం ప్రభుత్వం డబ్బు ఇస్తూనే ఉంది. విద్యాహక్కు చట్టం కింద 2010లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 1 నుంచి 5 తరగతులకు కిలోమీటరు లోపు, 6 నుంచి 8 తరగతులకు మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండాలి. హైస్కూలుకు ఐదు కిలోమీటర్ల లెక్క. అంతకంటే దూరమైతే సమగ్ర శిక్ష కింద పిల్లవాడికి ఏడాదికి 6000 రూపాయల వరకు రవాణా భత్యం ఇవ్వవచ్చు. 2021 నుంచి 9, 10 తరగతులకు కూడా దీన్ని వర్తింపజేశారు. నెలకు 600 చొప్పున పది నెలలు. నెలకు 24 రోజులు బడి అనుకుంటే రోజుకు 25 రూపాయలు. పోను పన్నెండున్నర, రాను పన్నెండున్నర! ఆ డబ్బుకు దొరికేది డ్రైవర్ పక్కన కూడా ఇద్దర్ని కూర్చోబెట్టుకునే ఆటో. అదైనా ఆ ఊరికి ఆటో వస్తేనే.

సరే, డబ్బు తక్కువే అనుకుందాం. నా అసలు అభ్యంతరం ఆ గీత మీద. 2.9 కిలోమీటర్ల పిల్లకు ఏమీ లేదు, 3.1 కిలోమీటర్ల పిల్లకు భత్యం ఉంది. ఎక్కడో ఒకచోట గీత గీయాలి, నిజమే. కానీ మధ్యలో నాలుగు వరుసల హైవే ఉందా, వంక ఉందా, రైలు పట్టాలు ఉన్నాయా అని కిలోమీటరు చెప్పదు కదా! ఆంధ్రప్రదేశ్‌లో 2022 జూన్‌లో వచ్చిన జీవో 117 కింద 3, 4, 5 తరగతులను కిలోమీటరు లోపు హైస్కూళ్ళకు తరలించినప్పుడు చాలా ఊళ్ళలో తల్లిదండ్రులు రోడ్డెక్కింది ఇందుకే. కిలోమీటరు లోపే కాబట్టి రవాణా అర్హత లేదు. ఎనిమిదేళ్ళ పిల్ల మాత్రం లారీల మధ్య రోడ్డు దాటాలి. 2025లో ఆ జీవో పోయింది. గీత మాత్రం అలాగే ఉంది.

విచిత్రమేమిటంటే 2010 కేంద్ర నిబంధనల్లోనే దీనికి జవాబు ఉంది. వరదలు, కొండచరియలు, రోడ్డు లేకపోవడం, దారిలో పిల్లలకు ప్రమాదం... ఇలాంటివి ఉన్నచోట ఆ దూరాన్ని తగ్గించాలని రాశారు. బడి లేని చిన్న పల్లెల పిల్లలకు ఉచిత రవాణా లాంటి ఏర్పాట్లు చేయాలనీ రాశారు. 2021 నవంబర్‌లో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ళ మీద పడినప్పుడు మన రాజంపేట వాళ్ళందరం చూశాం, ఒక్క రాత్రిలో దారులు ఎలా మారిపోతాయో. అర్హుల జాబితా రాసేటప్పుడు ఈ ప్రమాదం అనే మాట ఎక్కడికి పోతుంది?

ఇంగ్లండ్‌లో ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు 2 మైళ్ళు, ఆ పైన 3 మైళ్ళు పరిమితి. మన కంటే పెద్ద దూరమే. అయితే ఆ దూరాన్ని పిల్లవాడు క్షేమంగా నడవగలిగిన దారి వెంట కొలుస్తారు. దారి ప్రమాదకరమని తేలితే, దగ్గరలోని తగిన బడికి వెళ్ళే పిల్లవాడికి దూరంతో పని లేకుండా ఉచిత రవాణా కల్పించాలి. గొప్ప టెక్నాలజీ ఏమీ అక్కర్లేదు దీనికి. దారి వెంట ఒక మనిషి నడిచి చూస్తే చాలు.

ఆర్టీసీ ఉంది కదా అంటారు. ఉంది. 12 ఏళ్ళ లోపు అబ్బాయిలకు, పదో తరగతి వరకు అమ్మాయిలకు ఉచిత పాసు ఎప్పటినుంచో ఉంది. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి వచ్చాయి. టిక్కెట్ సమస్య ఆడపిల్లలకు తీరింది, తొమ్మిదో తరగతి అబ్బాయికి తీరలేదు. బస్సే రాని ఊళ్ళో ఇద్దరికీ తీరలేదు. 2021లో రంగారెడ్డి జిల్లాలో ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి, కరోనా తర్వాత తమ ఊరికి బస్సు ఆగిపోయిందని అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ గారికి ఉత్తరం రాసింది. ఆయన స్పందించారు, అప్పటి ఆర్టీసీ ఎండీ సజ్జనార్ గారు బస్సు వేయించారు. అందరం మెచ్చుకున్నాం. కానీ పల్లెబస్సు కోసం సుప్రీంకోర్టు దాకా ఉత్తరం వెళ్ళాలా?

మంత్రులు, ఎమ్మెల్యేలు కువైట్ వస్తే శాలువాలు కప్పి ఫోటోలు దిగుతాం. ఈసారి ఒక కాగితం కూడా చేతిలో పెడదాం. భత్యం అర్హతకు దూరంతో పాటు దారి ప్రమాదం కూడా చూడాలి. ఆటో కూడా లేని ఊళ్ళకు డబ్బు కాకుండా బడి వేళకు బస్సు ఇవ్వాలి. మీ ఊరి బడికి పిల్లలు ఏ దారిన వెళుతున్నారో ఇంటికి ఫోన్ చేసినప్పుడు అడిగి రాసుకోండి. బడులు జూన్‌లో తెరుస్తారు కాబట్టి ఈ వివరాలు మార్చి లోపు అధికారులకు చేరాలి.