స్క్రూడ్రైవర్‌కు లొంగే రంపమే కొనండి

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ అధికారులకు ఉద్దానం నుంచి ఒక మెకానిక్ నమస్కరించి రాస్తున్నది.

తుపాను హెచ్చరిక రాగానే జిల్లాలకు వెళ్ళే సరంజామాలో రంపం మిషన్లు ఉంటాయి. వాటిని కొనేటప్పుడు హార్స్‌పవర్ చూస్తారు, ధర చూస్తారు, వారంటీ చూస్తారు. ఇంకొక్కటి చూడమని అడగడానికే ఈ ఉత్తరం. కరెంటు లేని చీకట్లో, కూలిన చెట్టు పక్కన ఆ మిషను ఆగిపోతే దాన్ని ఎవరు విప్పగలరు, దేంతో విప్పగలరు? "దగ్గర్లో ఉన్నవాడే, ఒక స్క్రూడ్రైవర్‌తో" అని జవాబు వచ్చేలా కొనండి. అంటే, స్క్రూలు తిప్పి సరిచేసుకునే పాత పద్ధతి కార్బురేటర్ ఉన్న బలమైన రంపాలు కొనండి.

నేను టూస్ట్రోక్ ఇంజన్ల మనిషిని. ఆర్‌ఎక్స్ 100లు, లూనాల మీద పని నేర్చుకున్నాను. ఆ బళ్ళు రోడ్ల మీంచి మాయమయ్యాక జీడితోటలకు మందు కొట్టే పవర్ స్ప్రేయర్లు, గడ్డి కోసే మిషన్లు చేతికొచ్చాయి. తుపాన్లు వరస కట్టాక రంపాలొచ్చాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్, మరుసటి ఏడాది సరిగ్గా అదే తేదీన విశాఖ మీద హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న మా నెత్తి మీద తిత్లీ. మా వైపు దసరా రోజులంటే పిల్లలకు పండగ, పెద్దలకు ఆకాశంకేసి చూసే కాలం.

తిత్లీ తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. వెలుగొచ్చాక చూస్తే ఊరికి రోడ్డు లేదు. కొబ్బరి మీద కొబ్బరి, వాటి మీద కరెంటు స్తంభం, అన్నిటికీ అడుగున పనస. రెండు రోజులకు దూరం నుంచి ఒక బృందం వచ్చింది. ఎవరి బృందమో, మిషను ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. ఆ కుర్రాళ్ళు తిండి మానుకుని పని చేశారు. మధ్యాహ్నానికి వాళ్ళ కొత్త రంపం మొరాయించింది. స్టార్టవుతుంది, ట్రిగ్గరు నొక్కగానే చచ్చిపోతుంది. నన్ను పిలిచారు.

"బాబూ, దీని స్క్రూలేవీ?" అన్నాను.

"స్క్రూలుండవండీ. అదే సెట్ చేసుకుంటాది."

"అదే సెట్ చేసుకునేదైతే మరి నన్నెందుకు పిలిచినారు?"

వాడు నవ్వాడు, నేనూ నవ్వాను, మిషను మాత్రం లేవలేదు. కంప్యూటరు తగిలిస్తే గాని జబ్బేమిటో చెప్పదట. తగిలిద్దామంటే కరెంటు లేదు, కంప్యూటరున్న ఊరికి దారి లేదు. ఆ దారి తెరవడానికే కదా మిషను వచ్చింది! చివరికి ఒక కలప అడితీ నుంచి పాత రంపం తెచ్చాం. అదీ ఆగింది, రెండుసార్లు. ఒకసారి గాలి ఫిల్టరు తడి పొట్టుతో పూడుకుపోయింది, ఇంకోసారి కార్బురేటర్లో నలక పడింది. ఫిల్టరు దులిపాను, కార్బురేటరు విప్పి పెట్రోలుతో కడిగి, ఊది, బిగించాను. ఒకటి పావుగంట పని, ఇంకొకటి అరగంట. ఆగని మిషను ఇంతవరకు ఎవరూ చేయలేదు. ఆగినది ఎంతసేపట్లో లేస్తుందన్నదే తుపానులో లెక్క.

ఇందులో పెద్ద కిటుకేమీ లేదు. మోటారుసైకిల్ కార్బురేటర్లో పెట్రోలు మట్టం చూసే ఫ్లోట్ ఉంటుంది. బండి పక్కకు పడితే పెట్రోలు కారేది అందుకే. రంపాన్ని అడ్డంగా, ఒక్కోసారి తలకిందులుగా కూడా పట్టాలి గనుక దానికి ఫ్లోట్ బదులు పల్చటి డయాఫ్రమ్ పొర పెట్టారు. పక్కన మూడు స్క్రూలు: ఎల్, హెచ్, ఎల్‌ఏ. తక్కువ వేగంలో పెట్రోలు పాలు ఎల్ చూస్తుంది, పూర్తి వేగంలో హెచ్ చూస్తుంది, ట్రిగ్గరు వదిలినప్పుడు ఇంజను ఎంత నెమ్మదిగా తిరగాలో ఎల్‌ఏ చూస్తుంది. మొదటి రెండింటిని కుడికి తిప్పితే పెట్రోలు తగ్గుతుంది, ఎడమకు తిప్పితే పెరుగుతుంది. కొత్త రకంలో ఈ పాళ్ళు చూసే పని ఒక చిన్న ఎలక్ట్రానిక్ బుర్రది, ఒక సోలినాయిడ్ వాల్వుది. స్టిల్ వాళ్ళు దాన్ని ఎం-ట్రానిక్ అంటారు, హస్క్‌వర్నా వాళ్ళు ఆటోట్యూన్ అంటారు.

అది చెడ్డ సరుకని నేననను. స్టిల్‌లోనే చూడండి. ఎంఎస్ 382, ఎంఎస్ 462 రెండూ 72.2 సీసీ. స్క్రూలున్న 382 బలం 3.9 కిలోవాట్లు, బరువు 6.2 కిలోలు. ఆటో 462 బలం 4.4 కిలోవాట్లు, బరువు 6 కిలోలే. ఎండకీ చలికీ, కొండెత్తుకీ, ఫిల్టరు మురికికీ అది తనంతట తానే సర్దుకుంటుంది. పెట్రోలు సంగతిలోనూ దానిదే పైచేయి. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఇ20. స్క్రూల మిషన్లలో ఇథనాల్ 10 శాతం దాటొద్దని కంపెనీ పుస్తకాలు సాధారణంగా చెబుతాయి, ఎం-ట్రానిక్‌కు మాత్రం అంతకంటే ఎక్కువైనా చెల్లుతుందంటాయి. రోజూ కోతకు వెళ్ళి, సాయంత్రానికి డీలరు గుమ్మం తొక్కగలిగే మనిషి అడిగితే నేనూ అదే కొనుక్కోమంటాను. మీరు కొనేది ఏడాదిలో ఎక్కువ రోజులు గోదాములో పడుకుని, డీలరుకు దారి మూసుకుపోయిన రోజున నిద్రలేవాల్సిన మిషను. దానికి ఈ లెక్క చాలదు.

బలం ఎంత కావాలో మా చెట్లే చెబుతాయి. కొబ్బరి మాను ఏమంత లావుండదు, అడుగు, మహా అయితే అడుగున్నర. కానీ వేపకూ మద్దికీ ఉన్నట్టు దాని నడుమ చేవ ఉండదు. గట్టిదనమంతా పైచుట్టునే, అదీ మొదట్లోనే ఎక్కువ. చైను పళ్ళు తొందరగా మొద్దుబారేది అక్కడే. కొబ్బరికీ, జీడికీ, పనసకూ 70 సీసీ మిషను, 20 అంగుళాల బారు సరిపోతాయి. ఎంఎస్ 382, హస్క్‌వర్నా 372 ఎక్స్‌పీ ఆ తరగతివే. విశాఖ లాంటి ఊళ్ళో రోడ్డు పక్కన పెరిగే నిద్రగన్నేరు, మర్రి పడితే అవి చాలవు, 90 సీసీ దింపాలి. హస్క్‌వర్నా 395 ఎక్స్‌పీ ఉంది, 93.6 సీసీ, బారూ చైనూ లేకుండానే దగ్గర దగ్గర 8 కిలోలు. పెద్దదే అందరికీ ఇచ్చేస్తే పోలా అనుకోకండి. మోకాలి లోతు నీళ్ళలో దాన్ని రోజంతా మోసి అలసిన చేతుల్లోనే రంపం ఎగిరి మీదికొస్తుంది. కొమ్మలు నరకడానికి 50 సీసీది ఒకటి పక్కన ఉంచండి, పెద్దది పెద్ద మానుకే తీయండి.

ఇక నా వాదంలో బొక్క నేనే చూపిస్తాను. స్క్రూ కనబడితే తెలియని చెయ్యి కూడా తిప్పుతుంది. హెచ్ బిగించగానే కూత పెరుగుతుంది, మిషను హుషారెక్కినట్టుంటుంది. టూస్ట్రోక్‌లో ఆయిలు వెళ్ళేది పెట్రోలుతో కలిసే. పెట్రోలు తగ్గిందంటే ఆయిలూ తగ్గినట్టే. కాసేపటికి పిస్టన్ పట్టేస్తుంది. నా షాపుకొచ్చిన చచ్చిన రంపాల్లో చాలావరకు ఇలా హుషారుగా చచ్చినవే. ఇ20 ఈ ముప్పును ఇంకా పెంచుతుంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది గనుక పాత సెట్టింగు మీదే మిశ్రమం పలచబడుతుంది, హెచ్ కొంచెం ఎడమకు తిప్పాల్సి వస్తుంది. ఎంత కొంచెమన్నది చెవి చెబుతుంది. గాల్లో పూర్తిగా నొక్కితే శబ్దం కాస్త గరగరలాడాలి, చైను మానులో దిగగానే గొంతు సవరించుకున్నట్టు శుభ్రపడాలి. ఆర్‌ఎక్స్ 100 విన్న చెవులకు ఇది కొత్త పాఠం కాదు. అలాంటి చెవులు మా వైపు ప్రతి సంత ఊళ్ళోనూ ఉన్నాయి, వాటి పైన జుట్టు మాత్రం తెల్లబడుతోంది.

కాబట్టి టెండరు కాగితంలో నాలుగు వాక్యాలు చేర్చండి.

ఒకటి: కార్బురేటర్ స్క్రూలు మూత విప్పకుండా బయటినుంచే తిప్పగలిగేలా ఉండాలి. వాటికి ప్రత్యేకమైన స్క్రూడ్రైవరు కావాలంటే అది మిషను పెట్టెలోనే రావాలి.

రెండు: ఇ20తో నడపొచ్చో లేదో, నడిపితే ఏ సెట్టింగు మీదో కంపెనీ రాసివ్వాలి. నోటిమాట వద్దు.

మూడు: ప్రతి మిషనుతో డయాఫ్రమ్ కిట్, గాలి ఫిల్టరు, పెట్రోలు ఫిల్టరు, ప్లగ్గు, రెండు చైన్లు, చైను పట్టే గుండ్రటి ఆకురాయి ఉండాలి. గోదాములో పెట్టే ముందు ట్యాంకు ఖాళీ చేసి, ఉన్న కాస్తా అయిపోయేదాకా ఇంజను నడపాలి. నిలవున్న పెట్రోలు డయాఫ్రమ్‌ను బిరుసెక్కిస్తుంది. తుపానులో చేయాల్సిన సగం రిపేరు ఈ ఒక్క పనితో తప్పుతుంది.

నాలుగు: మిషనుతో పాటు మనిషినీ తయారు చేయాలి. లీటరుకు 20 మిల్లీలీటర్ల ఆయిలు కలపడం దగ్గర్నుంచి, పడిన చెట్టులో ఏ వైపు బిగువుందో చూసి కోయడం వరకు. వేళ్ళతో లేచి పడిన మానును తెలియక కోస్తే మొదలు ఒక్కసారిగా వెనక్కి లేస్తుంది. హెల్మెట్టు, కాళ్ళకు కోత తగలని ప్యాంటు ఇవ్వకుండా 90 సీసీ రంపం ఎవరి చేతికీ ఇవ్వకండి. శిక్షణకు మీ సిబ్బందితో పాటు మండలానికి ఒక్క ఊరి మెకానిక్‌నైనా పిలవండి. తుపాను రాత్రి మీకంటే ముందు అక్కడ ఉండేది వాడే.

నా మాట నమ్మక్కర్లేదు, పరీక్ష పెట్టండి. సెప్టెంబరులో రెండు రకాల మిషన్లనూ ఉద్దానం పంపండి. కొబ్బరి దుంగ మేమిస్తాం, దుంగలకు మా దగ్గర ఎప్పుడూ కరువు లేదు. ఫిల్టర్లో తడి పొట్టు కూరుతాం, కార్బురేటర్లో నలక వేస్తాం, ఉన్నదానికి స్క్రూ తప్పు తిప్పుతాం, లేనిదానికి వైరు ఊడదీస్తాం. తర్వాత దీపాలార్పేసి మీ కుర్రాడి చేతికి ఒక టార్చి, ఒక స్క్రూడ్రైవరు ఇస్తాం. అరగంటలో ఏది దుంగ కోస్తే అదే కొనండి. ఆటో రకమే లేచి కూర్చుందా, ఈ ఉత్తరం చింపేయండి, నాకేమీ బాధ లేదు.

ఇట్లు,
ఉద్దానం మెకానిక్ ఒకడు