గాజు మేడలో ఉయ్యాలకు చోటేదీ?

మొన్న ఆదివారం మా అక్క కూతురు నన్ను కారులో ఎక్కించుకుని గచ్చిబౌలి దాటి ఇంకా లోపలికి తీసుకెళ్లింది. ఓ చోట బండి ఆపి, "పిన్నీ, అదుగో మా కొత్త ఆఫీసు. వచ్చే ఏడాది అందులోకి మారిపోతాం" అంది గర్వంగా.

తలెత్తి చూశాను. శంఖాన్ని ఒరగేసి నిలబెట్టినట్టుంది. కింద సన్నం, నడుమ ఉబ్బు, పైకి పోయేకొద్దీ మెలిక. సగం వరకూ గాజు బిగించారు. మిగతా సగం ఇంకా ఇనుప చువ్వలే. పక్కన రెండు క్రేన్లు. రోడ్డు మీద వెళ్లేవాళ్లు ఆగి మరీ ఫొటోలు తీసుకుంటున్నారు. నిజం చెప్పొద్దూ, నాకూ ముచ్చటేసింది.

ముచ్చట తీరాక నోరూరుకోలేదు. "ఏమే, ఆ ఒంపు గోడకి బీరువా ఎలా ఆనిస్తారు? పడమటి ఎండంతా ఆ గాజు మీదేగా, మధ్యాహ్నం లోపల కూర్చోగలరా? అవన్నీ సరే, చంటిదానికి పాలిచ్చే గది ఎక్కడుంది?" అని అడిగేశాను.

అది పకపకా నవ్వింది. కాసేపటికి నవ్వు తగ్గింది. దానికి ఎనిమిది నెలల పాప. ఇప్పుడున్న ఆఫీసులో పాలు పిండుకోవడానికి స్టోర్ రూమ్‌లో కంప్యూటర్ల అట్టపెట్టెల మధ్య కూర్చుంటుంది. తలుపుకి గడియ సరిగా పడదని స్నేహితురాలిని కాపలా పెట్టుకుంటుందట. కొత్త భవనం బొమ్మల పుస్తకాన్ని ఫోన్‌లో తీసి చూపించింది. జిమ్ ఉంది, టేబుల్ టెన్నిస్ ఉంది, మిద్దె మీద తోట ఉంది, నాలుగు రకాల కాఫీ దొరికే చోటు ఉంది. పిల్లల గది మాత్రం ఎంత వెతికినా కనబడలేదు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. రెండింట్లోనూ పైకి కనబడే హంగు వేరు, లోపల మసిలేవాళ్ల ఇబ్బంది వేరు. ఆ ఇబ్బంది మొదట తెలిసేది ఆడవాళ్లకే. వంటింటి గట్టు ఎత్తు నుంచి నీళ్లగది తలుపు ఎటు తెరుచుకుంటుందో వరకూ మనకు పట్టినట్టు మేస్త్రీకి పట్టదు. కోట్లు పోసి కట్టే ఆఫీసులకీ ఇదే వర్తిస్తుందని నా అభిప్రాయం.

వింత ఆకారాల మీద నాకేం కోపం లేదు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ గుండ్రంగా లేచినప్పుడు, ఊళ్ల నుంచి చుట్టాలొస్తే చార్మినార్‌తో పాటు దాన్నీ చూపించినవాళ్లమే మనం. అందమూ ఓ అవసరమే. అయితే అందం కోసం ఆకారం ముందు గీసేసి, లోపలి మనుషుల్ని తర్వాత సర్దాలని చూస్తేనే చిక్కు.

లండన్‌లో జరిగింది వినండి. ఫెన్‌చర్చ్ వీధిలో 20వ నంబరు భవనం. పైకి పోయేకొద్దీ వెడల్పవుతూ ముందుకు ఒంగినట్టుంటుంది. చేతిలో పట్టుకు మాట్లాడే రేడియోలా ఉందని జనం దానికి 'వాకీ టాకీ' అని పేరు పెట్టారు. పై అంతస్తులకు అద్దె ఎక్కువ వస్తుంది కాబట్టి పైన విశాలంగా ఉంటే లాభమే కదా! 2013లో అది ఇంకా కడుతుండగానే, లోపలికి ఒంగిన ఆ గాజు గోడ భూతద్దంలా పనిచేసింది. సూర్యుడు ఓ కోణంలోకి రాగానే ఎండంతా పోగై ఎదురు వీధి మీద పడింది. అక్కడ ఆపిన ఓ ఖరీదైన కారు అద్దం తొడుగు, పక్క రేకులూ వంకర్లు తిరిగి కరిగిపోయాయి. ఓ విలేకరి పెనం పెట్టి గుడ్డు వేయించి చూపించాడు. చివరికి 2014లో గాజు మీద నీడకోసం అడ్డపట్టీలు బిగించారు. చిత్రమేమిటంటే, ఆ భవన శిల్పి రఫాయెల్ వినోలీ అంతకుముందు లాస్ వెగాస్‌లో రూపొందించిన హోటల్ మీద కూడా 2010లో ఇలాంటి ఫిర్యాదే వచ్చింది. అక్కడ ఈతకొలను పక్కన కూర్చున్నవాళ్లకి ఒళ్లు చురుక్కుమంది.

మన పెరట్లో వడియాలు ఎండబెట్టే ఏ అమ్మమ్మని అడిగినా ఏ నెలలో ఎండ ఎటు వాలుతుందో చెబుతుంది. అంత పెద్ద లెక్కల్లో ఆ చిన్న లెక్క తప్పింది!

ఇంకో కథ అమెరికాది. ఒహాయో రాష్ట్రంలో నూవర్క్ అనే ఊరుంది. అక్కడ లాంగాబెర్గర్ అని చేత్తో అల్లిన చెక్క బుట్టలమ్మే కంపెనీ ఉండేది. ఆ బుట్టల్ని ఇరుగుపొరుగుని పిలిచి ఇళ్లలోనే అమ్మిపెట్టినవాళ్లు ఎక్కువమంది ఆడవాళ్లే. వ్యాపారం బాగా సాగిన రోజుల్లో, 1997లో, అచ్చం బుట్ట ఆకారంలోనే ఏడంతస్తుల ఆఫీసు కట్టుకున్నారు. పైన రెండు పిడులు కూడా ఉన్నాయి! చలికాలంలో వాటి మీద మంచు పేరుకోకుండా వేడి చేసే ఏర్పాటు పెట్టారు. అంటే పిడులకి కూడా కరెంటు ఖర్చన్నమాట. తర్వాత బుట్టల గిరాకీ పడిపోయింది. 2016లో ఉద్యోగులు ఆ భవనం ఖాళీ చేశారు. 2018కల్లా కంపెనీయే మూతపడింది. మామూలు డబ్బా లాంటి భవనమైతే ఇంకో ఆఫీసో, ఆస్పత్రో వచ్చి చేరేది. బుట్టలో కాపురం పెట్టడానికి ఎవరు ముందుకొస్తారు? కొనేవాళ్ల కోసం చాలాకాలం ఎదురుచూడాల్సి వచ్చింది. ఒక్కరి కాలికి కొలతపెట్టి కుట్టిన చెప్పు ఇంకొకరికి పట్టదు కదా.

ఇక అసలు చెప్పాలనుకున్నది కాలిఫోర్నియాలోని కుపర్టినో సంగతి. ఆపిల్ కంపెనీ కట్టిన ఉంగరం లాంటి ఆఫీసు మీరూ ఫొటోల్లో చూసే ఉంటారు. చుట్టూ ఓ ప్రదక్షిణం చేస్తే దాదాపు మైలు దూరం. నాలుగు అంతస్తులు, 12 వేల మందికి చోటు, ఆవరణలో తొమ్మిది వేల చెట్లు. స్టీవ్ జాబ్స్ 2011 జూన్‌లో స్వయంగా ఆ ఊరి నగర సభకి వెళ్లి నమూనా చూపించాడు. అదే అక్టోబరులో కన్నుమూశాడు. బ్రిటన్ శిల్పి నార్మన్ ఫోస్టర్ సంస్థ రూపకల్పన చేయగా 2017 ఏప్రిల్ నుంచి ఉద్యోగులు అందులోకి రావడం మొదలైంది. అయిన ఖర్చు దాదాపు 500 కోట్ల డాలర్లని పత్రికలు రాశాయి.

అందులో మెచ్చుకోదగ్గవి చాలా ఉన్నాయి. పైకప్పంతా సూర్యరశ్మితో కరెంటు చేసే పలకలు. బయటి గాలే లోపల తిరిగేలా కట్టారు కాబట్టి ఏడాదిలో ఎక్కువ నెలలు ఏసీల అవసరం పెద్దగా ఉండదని కంపెనీ చెప్పింది. మనలాంటి వేడి దేశాలు నేర్చుకోవాల్సిన సంగతే. లక్ష చదరపు అడుగుల వ్యాయామశాల కూడా ఉంది. అయితే ఇంత ఆలోచించి కట్టిన చోట, తెరిచేనాటికి పసిపిల్లల సంరక్షణ కేంద్రం లేదు! అప్పట్లోనే పత్రికలు ఈ సంగతి ఎత్తిచూపాయి. మరో వింత: గాజు మరీ స్వచ్ఛంగా ఉండటంతో అది గోడో దారో తెలియక, 2018 జనవరిలో కొందరు నడుచుకుంటూ వెళ్లి గుద్దుకున్నారు. తలకి దెబ్బలు తగిలి అత్యవసర సేవలకి ఫోన్ చేయాల్సి వచ్చింది. మనిళ్లల్లో గాజు తలుపుకి ఓ బొట్టుబిళ్ల అతికిస్తాం. అంతపాటి పని!

కుపర్టినో గురించి మనకెందుకంటారా? ఆ చుట్టుపక్కల కుపర్టినో, సన్నీవేల్, శాన్ హోసే ఊళ్లలో ఎన్ని తెలుగు కుటుంబాలున్నాయో మీకు తెలియంది కాదు. కూతురో కోడలో నీళ్లోసుకుందని తెలియగానే ఇక్కడ అమ్మమ్మలు, నానమ్మలు ఊరగాయ జాడీలు కట్టుకుని ఆర్నెల్ల వీసా మీద విమానం ఎక్కుతారు. ఆర్నెల్లు వీళ్లు, ఆర్నెల్లు వాళ్లు, వంతులవారీగా. మోకాళ్ల నొప్పులతో, మంచు ముసుగులో, పగలంతా ఒంటరిగా పసివాళ్లని ఆడిస్తూ గడుపుతారు. ప్రేమతోనే వెళ్తారు, కాదనను. కానీ ఆ ప్రేమ లేకపోతే అక్కడి ఉద్యోగాలు సాగవు. కంపెనీలు తమ నక్షాలో గీయని గదిని మన అమ్మమ్మలు తమ ఒడితో కట్టి ఇస్తున్నారన్నమాట. ఆ లెక్క ఏ జమాఖర్చులోనూ రాయరు.

మన దేశం చట్టం విషయంలో ఇంతకంటే ముందుంది. ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించినప్పుడు, 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థా పిల్లల సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలన్నారు. తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసుకోవచ్చు. 2025 నవంబరులో అమల్లోకొచ్చిన సామాజిక భద్రత స్మృతిలోనూ ఇదే నియమం ఉంది. అయితే అది ఆఫీసు లోపలే ఉండాలని లేదు. నిర్ణీత దూరంలో ఉంటే చాలు, నలుగురితో కలిసి పంచుకున్నా చాలు. ఈ సందులోంచే చాలామంది తప్పించుకుంటారు. పక్క వీధిలో ఏదో కేంద్రంతో కాగితం రాసుకుని చేతులు దులుపుకుంటారు. లిఫ్టు కోసం పది నిమిషాలు, గేటు దాకా పది నిమిషాలు, వీధి దాటడానికి మరో ఐదు. నాలుగుసార్లు ఎవరు వెళ్లగలరు చెప్పండి?

మా పిల్ల కారు తిప్పుతుండగా ఇంకో దృశ్యం కనబడింది. ఆ శంఖం భవనం పాదాల దగ్గర, రేకుల షెడ్డు నీడన, రెండు కర్రల మధ్య పాత చీర కట్టిన ఉయ్యాల. అందులో ఓ పసిగుడ్డు. తల్లి కాస్త దూరంలో తల మీద చుట్టకుదురు పెట్టుకుని ఇసుక తట్ట మోస్తోంది. పెద్ద పిల్ల, అయిదేళ్లుంటాయేమో, ఉయ్యాల తాడు లాగుతోంది. 50 మందికి మించి ఆడకూలీలు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లలకి గది ఉండాలని భవన నిర్మాణ కార్మికుల చట్టం 1996లోనే చెప్పింది. అక్కడ ఎంతమంది ఉన్నారో నేను లెక్కపెట్టలేదు. గది మాత్రం నా కంటికి కనబడలేదు. కడుతున్న తల్లికీ, రేపు అందులో కూర్చోబోయే తల్లికీ ఒకే లోటు. ఒకరికి జీతం తట్టలో, ఒకరికి బ్యాంకులో. అంతే తేడా.

అందుకే నేననేది, ఇలాంటి భవనాలు కడుతున్నప్పుడే అడగాలి. గాజు బిగించేశాక గోడ జరపమంటే ఎవరూ జరపరు. ఏం అడగాలంటారా? పిల్లల గది కింది అంతస్తులో వెలుతురున్న చోట ఉందా? పాలిచ్చే తల్లికి గడియ పడే గది ఉందా? ఆడవాళ్ల మరుగుదొడ్లు ప్రతి అంతస్తులోనూ ఉన్నాయా, లేక మెలిక తిరిగిన చోట స్థలం చాలక ఎగ్గొట్టారా? గాజు మెట్లయితే చీర కట్టుకున్నవాళ్లు, గౌను వేసుకున్నవాళ్లు కింద నుంచి నలుగురు చూస్తుండగా ఎలా ఎక్కుతారు? రాత్రి షిఫ్టు అయ్యాక లిఫ్టు నుంచి క్యాబ్ దాకా దారి వెలుతురుగా ఉందా? ఆ ఒంపుల గాజు తుడిచేవాళ్లకి తాడు కట్టుకునే కొక్కెం పెట్టారా? ఇవేవీ ఆకారాన్ని మార్చమని అడిగేవి కావు. శంఖాన్ని శంఖంలాగే ఉంచమనండి. లోపల మనిషి పట్టేలా చూడమనండి.

ఇంటికొచ్చాక మా పిల్ల ఊరుకోలేదు. తనలాంటి తల్లుల్ని, తల్లులు కాబోయేవాళ్లని, ఇద్దరు ముగ్గురు తండ్రుల్ని కూడా కలుపుకుని ఆఫీసుకి ఓ ఉత్తరం రాసింది. "పరిశీలిస్తాం" అని జవాబొచ్చిందట. ఆ మాట మనం చాలాసార్లు విన్నదే. కానీ ఈసారి ఓ వెసులుబాటుంది. కింది అంతస్తులో లోపలి గోడలు ఇంకా లేవలేదు. సున్నంతో గీతలే గీశారు. ఆ గీతలు చెరపడానికి ఓ చీపురు చాలు.

మీ అమ్మాయి ఆఫీసూ, మీ కోడలి ఆఫీసూ ఎక్కడైనా లేస్తుంటే ఓసారి వెళ్లి చూసి రండి. ఫొటో తీసుకోండి, తప్పులేదు. "ఉయ్యాల ఎక్కడ కడతారు?" అని కూడా ఓ మాట అడిగి రండి.