కుక్క కరిచిన మేక చావనక్కర్లేదు: ఊరికో గాయాల పెట్టె పెట్టిద్దాం



రాత్రిపూట వీధికుక్కలు దొడ్డి మీద పడ్డాయంటే తెల్లారి ఊరంతా వచ్చి చూసేది చచ్చిన జీవాలనే. పేపర్లో ఫొటో వచ్చేదీ వాటిదే. ఎన్ని పోయాయి, ఎంత నష్టం అని రాసుకుని వెళ్లిపోతారు. పక్కన బిక్కచచ్చి నిలబడ్డ మేకల సంగతి ఎవరూ అడగరు. వాటిలో రెండు మూడింటికి మెడ కిందో తొడ వెనకో గాట్లు ఉంటాయి. నడుస్తున్నాయి, ఆకు అందిస్తే కొరుకుతున్నాయి కదా, గండం గడిచిందనుకుంటాం. మూడు నాలుగు రోజులకు వాసన మొదలవుతుంది. వారం తిరిగేలోపు ఒకటి కాళ్లు చాపేస్తుంది, ఇంకోదాన్ని కసాయికి అగ్గువకు ఇచ్చేస్తాం. చూలుతో ఉన్నది బెదురుకే ఈచుకుపోతుంది. ఈ రెండో విడత చావులు ఏ లెక్కలోనూ ఎక్కవు. వీటిలో చాలావాటిని ఆపవచ్చు. ఆపే పని ఊళ్లోనే మొదలుకావాలని చెప్పడానికే ఈ కరపత్రం.

2019 పశుగణన ప్రకారం తెలంగాణలో సుమారు 1.9 కోట్ల గొర్రెలు, 49 లక్షల మేకలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో గొర్రెలు సుమారు 1.76 కోట్లు, మేకలు 55 లక్షలు. గొర్రెల్లో దేశం మొత్తం మీద మొదటి రెండు స్థానాలు మనవే. 2017లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం సబ్సిడీతో ఇంటికి ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చే పథకం పెట్టింది. జీవాలను పంచడానికి అంత సొమ్ము దొరికింది. నట్టల మందు ఊరికి వస్తుంది, పీపీఆర్ (పారుడు రోగం) టీకా వస్తుంది, చిటుకు రోగానికి టీకా వస్తుంది. కుక్క కరిచిన జీవానికి మాత్రం చాలా ఊళ్లలో ఒక సబ్బుబిళ్ల, ఒక అయోడిన్ సీసా కూడా సిద్ధంగా ఉండవు. చిరుత చంపితే అటవీశాఖను పరిహారం అడగవచ్చు, వీధికుక్కలకు అది వర్తించదు. నష్టమంతా పెంచుకున్నవాళ్ల నెత్తినే పడుతోంది.

గాటు పైకి చిన్నగా కనబడుతుంది. మోసం అక్కడే ఉంది. వెంట్రుకలు పక్కకు తీసి చూస్తే జొన్నగింజంత రెండు రంధ్రాలు ఉంటాయి, నెత్తురు అప్పటికే గడ్డకట్టి ఉంటుంది. చుట్టూ వేలితో మెల్లగా నొక్కండి. చర్మం కింది మాంసం నుండి విడిపోయి జారుతుంటుంది, అరచెయ్యి పట్టేంత సంచిలా. కుక్క కరిచి ఊరుకోదు, పట్టుకుని విదిలిస్తుంది. పళ్లు దిగినచోట రంధ్రమే ఉన్నా లోపల కండ నలిగి చీలిపోతుంది. కుక్క నోట్లోని క్రిములు, మేక ఒంటి మీది మురికి, తెగిన వెంట్రుకలు అన్నీ ఆ సంచిలోకి చేరతాయి. గాలి ఆడని చోట నలిగిన మాంసం ఉంటే ధనుర్వాతం క్రిమికి అంతకన్నా అనువైన చోటు ఉండదు. పైన రంధ్రం ఒక రోజులో పక్కుకట్టి మూసుకుంటుంది, లోపల చీము పడుతుంది. మానిపోయిందని మనం అనుకునేది ఆ పక్కును చూసే.

ఆపైన ఈగలు. పచ్చిపుండు మీద గుడ్లు పెట్టే ఈగలు మన దగ్గర రెండు మూడు రకాలున్నాయి. వాటిలో ఒకదాని పురుగు చచ్చిన మాంసంతో ఆగదు, బతికి ఉన్న కండనే తొలుచుకుంటూ పోతుంది. గుడ్లు పెట్టిన ఒక రోజులోపే పిల్లలు బయటికి వస్తాయి. తలలు లోపలికి పెట్టి, తోకలు పైకి పెట్టి ఊపిరి పీల్చుకుంటూ తెల్లగా గుంపుగా కదులుతాయి. అప్పటికి మేక మంద నుండి విడిపోయి ఒక మూల నిలబడుతుంది, మాటిమాటికీ పుండువైపు తల తిప్పి నేలను తన్నుతుంది.

ఈ దశలో మన చేతికి అందేవి ఏమిటి? కిరసనాయిలు, సున్నం, కలరా ఉండల పొడి, పాత బ్యాటరీలోని నల్లపొడి, ట్రాక్టరు ఇంజను నూనె, పొలానికి కొట్టే పురుగుమందు. కాపరులను తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. మందు అందని చోట మనిషి దొరికినదాన్నే వాడతాడు. కానీ కిరసనాయిలు, సున్నం మాడ్చేది పురుగుతోపాటు కొత్తగా వస్తున్న మాంసాన్ని కూడా. పురుగుమందు పుండు నుండి నేరుగా నెత్తురులోకి పోతుంది. పురుగులు చచ్చాయని సంతోషించిన సాయంత్రమే మేక నురగ కక్కి పడిపోయిందంటే కారణం అదే. పసుపు, వేపనూనె అంత చేటు చేసేవి కావు. వేపనూనె పుండు అంచుల చుట్టూ రాస్తే ఈగలు తగ్గుతాయి కూడా. కడగని గాయంలో పసుపు కూరితే మాత్రం లోపలి మురికికి మూతపెట్టినట్టవుతుంది.

కాబట్టి అన్నిటికంటే ముందు కడగాలి. నెత్తురు ధారగా పోతుంటే మాత్రం మొదట శుభ్రమైన గుడ్డ మడతపెట్టి ఆగేదాకా గట్టిగా అదిమిపట్టాలి. ఆ తర్వాత చేతులకు గ్లౌజులు తొడుక్కుని, సబ్బు నురగతో, పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడగండి. కరిచిన కుక్కకు పిచ్చి ఉంటే ఆ విషక్రిమిని గాయం దగ్గరే చాలావరకు చంపేది ఈ సబ్బే. మనిషికి కుక్క కరిచినా ముందు చెయ్యాల్సింది ఇదే. తర్వాత గాటు చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పున వెంట్రుకలు కత్తిరించాలి. వెంట్రుకలు లోపల పడకుండా రంధ్రం మీద తడిగుడ్డ అడ్డం పెట్టాలి. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఒకటిన్నర టీస్పూను ఉప్పు కలిపి, సూది తీసేసిన పెద్ద సిరంజితో రంధ్రంలోకి ఒత్తిడిగా కొట్టాలి. బయటికి వచ్చే నీళ్లు తేటగా వచ్చేదాకా ఆపవద్దు. చివరగా పోవిడోన్ అయోడిన్‌ను పలచని టీ రంగు వచ్చేలా నీళ్లలో కలిపి మరోసారి కడగాలి. చిక్కటి అయోడిన్ పోస్తే ఎక్కువ మేలు అనుకోకండి. హైడ్రోజన్ పెరాక్సైడ్ నురగ చూడటానికి బాగుంటుంది గానీ రోజూ పోస్తే పుండు మానదు.

కుట్లు వెయ్యమని డాక్టరుగారి మీద ఒత్తిడి తేవద్దు. పంటి గాటును తెరిచి ఉంచితేనే చీము బయటికి కారుతుంది. పెద్దగా చీరుకుపోయిన చోట, అదీ తొలి గంటల్లో, కుట్టాలా వద్దా అన్నది ఆయన చూసి చెప్తారు.

అదే రోజు పశువైద్య బండి నంబరు 1962కు ఫోన్ చెయ్యండి, లేదా మేకను పశువైద్యశాలకు తీసుకెళ్లండి. అక్కడ అడగాల్సినవి నాలుగు: యాంటీబయాటిక్ సూది, ధనుర్వాతం సూది, నొప్పికి మందు, రేబిస్ టీకా. యాంటీబయాటిక్ ఎన్ని రోజులు చెప్తే అన్ని రోజులూ వేయించాలి, రెండో రోజు మేత మేసిందని మానెయ్యవద్దు. మనుషులు వాడగా ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు నూరి పోయకండి. నెమరువేసే జీవం పొట్టలో మేతను అరిగించే మేలు క్రిములు ఉంటాయి, ఆ మాత్రలకు అవి చచ్చి మేతే ఆగిపోతుంది. నొప్పికి మెలాక్సికామ్ అడగండి. డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడటం 2006లోనే నిషేధించారు. ఆ మందు వేసిన పశువు చస్తే దాన్ని తిన్న రాబందులు కిడ్నీలు పాడై చస్తాయి. మిగిలిన కొద్ది రాబందుల కోసమైనా ఈ మాట గుర్తుంచుకోవాలి. సూదులు వేసిన జీవం మాంసం, పాలు ఎన్నాళ్లు వాడకూడదో కూడా చీటీ మీద రాయించుకోండి.

రేబిస్ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఇందులో మన ప్రాణాలూ ఉన్నాయి. కరిచింది ఏ కుక్కో తెలియనప్పుడు దాన్ని పిచ్చికుక్కగానే లెక్కపెట్టాలి. టీకా కరిచిన రోజున, తర్వాత 3, 7, 14, 28 రోజుల్లో పడాలి. మేకకు పిచ్చి బయటపడటానికి వారాలు పట్టవచ్చు, నెలలూ పట్టవచ్చు. అదేపనిగా గొంతు మారిపోయేలా అరవడం, చొంగ కారడం, ఎదురొచ్చినదాన్నల్లా కుమ్మడం, వెనక కాళ్లు పడిపోవడం దాని గుర్తులు. మింగలేకపోతుంటే గొంతులో ఏదో అడ్డం పడిందనుకుని నోట్లో చెయ్యి పెట్టేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. పెట్టినవాళ్లు ఆలస్యం చెయ్యకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి టీకా వేయించుకోవాలి. ఆ గుర్తులు కనబడ్డ మేకను కోయవద్దు, పాలు పితకవద్దు, చచ్చాక లోతుగా గొయ్యి తీసి పూడ్చాలి. కుక్క కరిచిన మేకను అగ్గువకు కసాయికి ఇచ్చామంటే, కోసేవాడి చేతికి మన దొడ్డిలోని ప్రమాదాన్ని అందించినట్టే.

ఇంటి దగ్గర మొదటి పది రోజులు కుక్క కరిచిన మేకను విడిగా, పొడినేల మీద కట్టండి. మందలో ఉంటే మిగతావి కుమ్ముతాయి. మెడకు గాయమైనది తల వంచలేదు. సుబాబుల్, అవిశ, రావి కొమ్మలు దాని నోటి ఎత్తులో వేలాడదీస్తే తింటుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పుండు చూడండి. ఎర్రగా, తడిగా, గింజగింజలుగా కొత్త మాంసం వస్తుంటే మానుతోందని అర్థం. జ్వరం 104 డిగ్రీలు దాటినా, చర్మం నల్లబడినా, పుండు పక్కన నొక్కితే లోపల గాలి ఉన్నట్టు కరకరమన్నా గంట కూడా ఆగవద్దు. చెవులు, తోక బిగుసుకుని కాళ్లు కర్రల్లా చాస్తే అది ధనుర్వాతం, అప్పటికి చెయ్యగలిగేది చాలా తక్కువ. మొదటి రోజు సూది విలువ అక్కడ తెలుస్తుంది.

ఇదంతా ఒక్కొక్క ఇంటి వల్ల అయ్యే పని కాదు. నాలుగు మేకలున్న అక్క సిరంజి, అయోడిన్, గ్లౌజులు కొని దాచుకోలేదు. కుక్కలు పడేది రాత్రి, లేదా అందరూ కూలికి పోయిన మధ్యాహ్నం. 1962 బండి వచ్చేలోపు గడిచే గంటలే ఆ మేకకు కీలకం. అందుకే ప్రతి ఊళ్లో ఒక గాయాల పెట్టె కావాలి. గొర్రెలు, మేకల పెంపకందారుల సహకార సంఘాలు ఉన్నచోట ఆ సంఘం చేతిలో, లేనిచోట పంచాయతీ ఆఫీసులో అది ఉండాలి. సబ్బు, ఉప్పు, పెద్ద సిరంజిలు, పోవిడోన్ అయోడిన్, గాజ్ గుడ్డ, కత్తెర, గ్లౌజులు, థర్మామీటరు, ఈగలు వాలకుండా కొట్టే స్ప్రే. ఇంతకు మించి అందులో ఏమీ అక్కర్లేదు. మొత్తం కలిపినా ఒక మేక ధర కాదు. తాళంచెవి రాత్రిపూట పిలిస్తే పలికేవాళ్ల ఇంట్లో ఉండాలి.

వాడటం ఎవరు నేర్పుతారు? పశుసంవర్ధక శాఖవాళ్లు నట్టల మందు పోయడానికి, టీకాలకు మందల దగ్గరికి ఎలాగూ వస్తారు. కాపరులంతా ఆ రోజు ఒకచోట చేరతారు. ఆ శిబిరంలోనే ఒక గంట కేటాయించి, ఊరికి ఇద్దరికి గాయం కడగడం చేతితో చేయించి నేర్పమని అడుగుతున్నాం. ఆ ఇద్దరిలో ఒకరు తప్పకుండా మహిళ కావాలి, ఇంటి దగ్గర కట్టే మేకలను చూసుకునేది ఎక్కువగా వాళ్లే కదా. కొత్త ఉద్యోగమూ వద్దు, కొత్త భవనమూ వద్దు.

శాఖను అడిగేది ఇంకొకటి ఉంది. మండల పశువైద్యశాల ఫ్రిజ్‌లో జీవాలకు సరిపడా రేబిస్ టీకా, ధనుర్వాతం సూది ఎప్పుడూ ఉండాలి. స్టాకు లేదు, బయట కొనుక్కోండి అంటే, ఐదుసార్లు పడాల్సిన టీకా ఒకటి రెండుసార్లతో ఆగిపోతుంది. కూలి మానుకుని, ఆటో కట్టుకుని పట్నం మందుల షాపుకు ఐదుసార్లు ఎవరు తిరగగలరు?

పంచాయతీ చెయ్యాల్సిన పని కూడా ఉంది. కోళ్ల షాపుల వ్యర్థాలు, చచ్చిన పశువులు ఊరి చివర పారేస్తున్నంతకాలం కుక్కలు అక్కడ గుంపు కడతాయి, నెత్తురు రుచి మరుగుతాయి. మేకలు మేతకు వెళ్లే దారీ అదే. వ్యర్థాలను గొయ్యి తీసి పూడ్పించాలి. కుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, రేబిస్ టీకాలు వేయించే బాధ్యత 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం స్థానిక సంస్థలదే. కోపంలో విషం పెట్టేవాళ్లకు ఒక మాట: అది చట్టప్రకారం నేరం. పైగా ఆ విషం మన మందకు కాపలా కాసే కుక్కనూ చంపుతుంది, ఖాళీ అయిన చోటికి పక్క ఊరి కుక్కలు వస్తాయి.

బీమా సంగతి క్లుప్తంగా. జాతీయ పశుసంపద మిషన్ కింద 2024 మార్పుల తర్వాత ప్రీమియంలో పెంపకందారు కట్టేది 15 శాతమే. చెవిపోగు ఉన్న జీవానికే అది వర్తిస్తుంది. దాడి జరిగిన రోజే డాక్టరు చేత రాయించుకోండి, ఫొటోలు తీయండి, చచ్చిన జీవానికి పోస్టుమార్టం చేయించకుండా పూడ్చవద్దు.

వచ్చే గ్రామసభకు కాపరులందరం కలిసి వెళ్దాం. తీర్మానంలో ఈ మాటలు రాయించాలి: “మా గ్రామంలో జీవాల గాయాల పెట్టె పంచాయతీ నిధులతో ఏర్పాటు చేయాలి. దాన్ని వాడటంలో ఇద్దరికి వచ్చే నట్టల మందు శిబిరంలో శిక్షణ ఇవ్వాలి. మండల పశువైద్యశాలలో రేబిస్, ధనుర్వాతం మందులు నిల్వ ఉంచాలని పశుసంవర్ధక శాఖను కోరాలి. కుక్కకాట్లకు పంచాయతీలో ఒక రిజిస్టరు పెట్టి, చచ్చిన జీవాలతోపాటు గాయపడినవాటినీ, తర్వాత వాటికి ఏమైందో కూడా రాయాలి.” తీర్మానం నకలు ఒకటి మండల పశువైద్యాధికారికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. పెట్టె వచ్చేదాకా ఈ కాగితాన్ని దొడ్డి తలుపుకు అంటించి ఉంచండి.